పెరిగిన గాజులు

నా చేతులు బోసిగా ఉన్నాయి. చదివి కంగారు పడకండి, మా ఆయన పక్కగదిలో టీవీ ముందు కూర్చుని వార్తలవాళ్ళతో పోట్లాడుతూనే ఉన్నారు. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, బొమ్మనహళ్ళిలో ఇల్లు కొని, జీవితమంతా రెండు బొమ్మల మధ్య గడిపి, మూడో బొమ్మగా నన్ను భరించిన మనిషి. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆడవాళ్ళు నా మణికట్ల వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎప్పుడండీ? మాకు తెలియనే లేదు" అని పరామర్శించడం మొదలుపెట్టాక ఆయనకు కొంచెం ఇబ్బందిగా ఉంది. "కూరగాయలకు నేనూ వస్తాను పద. నన్ను చూస్తే జనానికి అనుమానం తీరిపోతుంది" అంటారు. గాజుల కొట్టులో పుట్టి, డెబ్బై దాటిన ముత్తయిదువ గాజులు లేకుండా తిరగడం మిఠాయి కొట్టువాడికి చక్కెర జబ్బు వచ్చినట్టు, చూసేవాళ్ళకు నవ్వులాటగానే ఉంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది. ఆ మంట ఎక్కడిదో చెప్పాలంటే నస్రీన్ సంగతి చెప్పాలి. నస్రీన్ సంగతి చెప్పాలంటే వాళ్ళమ్మమ్మ మాబమ్మను మీకు చూపించాలి. మాబమ్మను చూడాలంటే బళేపేటలో మా కొట్టు జగలి ఎక్కాలి. జగలి అంటే అరుగు. కన్నడంవాళ్ళ దగ్గర తీసుకున్నాం, తిరిగి ఇవ్వలేదు.

నస్రీన్ మా బొమ్మనహళ్ళిలోనే ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. వాళ్ళమ్మ జులేఖా, నేను ఒక ఈడువాళ్ళం, ఒకే జగలి మీద ఆడుకున్నవాళ్ళం. అందుకని నన్ను ఖాలా అంటుంది, పిన్నమ్మ అన్నమాట. ఏడాదంతా కాలర్లు కుట్టినా, పేట అమ్మవారి జాతర వస్తే సెలవు పెట్టి బళేపేటకు వెళ్ళి, వాళ్ళమ్మమ్మ కూర్చున్న చోటనే, మా జగలి మీద కూర్చుని ఆడవాళ్ళకు గాజులు తొడుగుతుంది. జాతరకు ముందు వచ్చే ఆదివారం గాజుల పెట్టెతో మా ఇంటికి వచ్చి నా చెయ్యి చూసిపోతుంది. వయసుతో చెయ్యి ఒక ఏడు చిక్కుతుంది, ఒక ఏడు ఉబ్బుతుంది, ఎవరి మాటా వినదు. ఈసారి కూడా వచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టింది గాని తెరవలేదు.

"ఖాలా, ఈ తూరి నేను పేటకు రాను."

"ఏమే, కంపెనీవాళ్ళు లీవు ఇవ్వలేదా?"

"కంపెనీవాళ్ళు ఇచ్చినారు. పేటవాళ్ళే ఇవ్వలేదు."

సంగతి ఇదీ. జాతర దినాల్లో గుడి వీధిలో ఇతర మతస్థులు బండి గాని, బుట్ట గాని, అంగడి గాని పెట్టకూడదని వ్యాపారుల సంఘం తీర్మానించిందట. కొట్ల ముందరి జగలీలు కూడా అందులోకే వస్తాయట. మా కొట్టు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు గిరి నడుపుతున్నాడు. వాడే నస్రీన్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

"గిరన్న పాపం ఏడ్సినంత పని చేసినాడు ఖాలా. ఆయప్ప మీద కోపం పెట్టుకోవద్దు. నీ చెయ్యి ఇట్ల ఇయ్యి, ఈడనే తొడిగేస్తా. నా చేతి గాజులు నీకుంటే చాలు, జాతరకు నువ్వు పొయ్యి రా."

జాతరకు పాతవి తీసి కొత్తవి తొడుక్కోవడం మా ఆనవాయితీ. చెయ్యి ఒట్టిగా ఉండకూడదని ఒక్కో చేతికి ఒక్కటి మాత్రం ఉంచుకుని కూర్చుని ఉన్నాను. ఆ ఒక్కటీ కూడా ఆ పిల్ల చూస్తుండగానే తీసి బల్ల మీద పెట్టాను.

"తొడిగితే జగలి మీద తొడుగు. అంతవరకు ఇవి ఇట్లనే ఉంటాయి."

"అయ్యో అల్లా! ఖాలూ బతికుండంగానే ఏం పని ఖాలా ఇది?"

"మీ ఖాలూకు ఏమీ కాదులే. ఫ్యాక్టరీ సరుకు. గ్యారంటీ ఉంది."

నవ్వించాననుకున్నాను. ఆమె పెట్టెను బల్ల మీదనే వదిలి వెళ్ళిపోయింది.

బళె అంటే కన్నడంలో గాజు. మా తాత మాత్రం బళేపేటను భలేపేట అని, తన మాటకు తానే నవ్వుకునేవాడు. ముందర కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక చీకటి నడవ, ఆ నడవలో ఎండుగడ్డి వాసన. గాజులు ఉత్తరాది నుంచి చెక్కపెట్టెల్లో గడ్డి మధ్య పడుకుని వచ్చేవి. పెట్టె మేకులు లాగగానే వచ్చే ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా గడ్డిమోపు పక్కన నడిస్తే నా ముక్కును పట్టుకుని చిన్నతనంలోకి లాక్కుపోతుంది. పొద్దున్నే సాంబ్రాణి, ఆపైన అవ్వ కాచే రాగిసంగటి, ఆపైన తాత నశ్యం, ఆ తరువాతే సూర్యుడు. బడికి పోయే ముందు జులేఖాకు, నాకు ఒక పని ఉండేది. కొత్తగా వచ్చిన గాజులను రెండు రెండుగా మెల్లగా తాకించి వినాలి. మంచి గాజు టింగుమంటుంది. లోపల చీలిక ఉన్నది కంటికి ఎంత నిగనిగలాడినా టప్పుమంటుంది. ఆ టప్పులను వేరు చేసి మేమే ఉంచుకునేవాళ్ళం. సాయంత్రం దీపం మంట మీద ఆ ముక్కలను కాచి వంచి గొలుసులు చేసేవాళ్ళం. ఎర్రముక్కకు పచ్చముక్క, పచ్చముక్కకు నీలంముక్క. చేతులు కాలేవి, అవ్వ తిట్టేది, గొలుసు మాత్రం పెరిగేది. ఆ గొలుసుల్లో ఒక్కటైనా దాచుకుని ఉంటే ఇవాళ ఆ సంఘంవాళ్ళకు చూపించి, ఏ ముక్క ఏ మతందో విడదీయండని అడిగి ఉందును.

మాబమ్మ అసలు పేరు మహబూబ్‌బీ. మా అవ్వ నోరు అన్ని మలుపులు తిరగలేక మాబమ్మ దగ్గర ఆగింది. దర్గా వెనక సందులో ఇల్లు. పొద్దు కాస్త ఎక్కగానే తెల్లచీర కొంగు తల మీద వేసుకుని, నోట్లో తమలపాకుతో వచ్చి జగలి మీద ఎడమపక్క గోడకు ఆనుకుని కూర్చునేది. గాజులు అమ్మేది తాత, తొడిగేది మాబమ్మ. ఎంత బిర్రు గాజైనా ఆమె చేతిలో మాటలు వింటూ ఎక్కేది. చెయ్యి పట్టుకుని, బొటనవేలి మొదలు నొక్కుతూ, ఎదుటి మనిషి అత్తను ఒక మాట అనేది. ఆ మనిషి నవ్వి ఒళ్ళు వదులు చేసేలోపల గాజు మణికట్టు చేరిపోయేది. పెళ్ళికూతుళ్ళు భయంతో పిడికిలి బిగిస్తే, "పిడికిలి ఇప్పు బేటీ, గాజైనా దేవుడైనా ఇప్పిన చేతికే వస్తాడు" అనేది. పేటలోని కోమట్లు, దేవాంగులు, మార్వాడీలు, దర్గా వీధి బీబీలు, దండు నుంచి బస్సెక్కి వచ్చే కిరస్తానం పెళ్ళికూతుళ్ళు, అందరి చేతులూ ఆమె చేతిలోంచి పోయినవే. దండు అంటే ఒకప్పుడు తెల్లదొరల సిపాయిలుండిన బెంగళూరు, కంటోన్మెంటు. ఆ అమ్మాయిలు తెల్లగౌనుకు జోడుగా తెల్లగాజులు చేతికి రెండే చాలంటే, "రెండేంటికమ్మా, మీ ఏసుస్వామి లెక్క చూస్తాడా?" అని మూడోది ఎక్కించేది. అడిగినదాని మీద ఒకటి ఎక్కువ తొడగడం ఆమె దీవెన. తొడగడం అయ్యాక ఎంతటి మనిషైనా గాజులు తొడిగిన చేతికి దణ్ణం పెట్టాలి. మడి కట్టుకుని, నీళ్ళబిందెకు మా నీడ తగిలితే మళ్ళీ తోమే మా అవ్వ, మాబమ్మకు వంగి దణ్ణం పెట్టేది. మాబమ్మ ఆ దణ్ణాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకునేది.

ఆ రోజులంతా అమృతమని చెబితే నా నాలుకే నన్ను కరుస్తుంది. మాబమ్మకు టీ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది. నడవ చివర గూట్లో బోర్లించి ఉండేది. తానే కడుక్కుని తానే బోర్లించుకునేది. చేతికి దణ్ణం, గ్లాసుకు దూరం. చిన్నప్పుడు జులేఖా నన్ను, "మా అమ్మ చెయ్యి మీ అవ్వకు మంచిదైతే, గ్లాసేం పాపం చేసింది?" అని అడిగితే, "అది గాజు గ్లాసు కదా, పగులుతుందేమో" అని తెలివిగా చెప్పాననుకున్నాను. ఇవాళ తలుచుకుంటే సిగ్గుకు కూడా కోపం వస్తుంది. కాలం మారితే ముందు మారాల్సింది ఆ గ్లాసు. గ్లాసును తీసెయ్యాల్సిన చోట మనిషినే తీసేశారు.

మా కొట్టులో కొన్ని మాటలకు ప్రవేశం లేదు. గాజు పగిలింది అనకూడదు, పెరిగింది అనాలి. వంటింట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. రాత్రి దీపం ఆర్పకూడదు, కొండెక్కించాలి. ఇవి తెలుగు ఇళ్ళన్నిటికీ తెలిసినవే. విచిత్రం ఏమిటంటే, కన్నడం ఆడవాళ్ళు విరిగిన గాజు తెచ్చి "బళె హెచ్చిదవు" అనేవాళ్ళు, గాజులు ఎక్కువయ్యాయని. మాబమ్మ తన దక్కనీ ఉర్దూలో "చూడియా బఢ్ గయే" అనేది, అదీ పెరగడమే. సాయంత్రం కొట్టు మూసేటప్పుడు తాత వైపు తిరిగి "దుకాన్ బఢావ్ శెట్టీ" అనేది, కొట్టు పెంచు అని. తాత తలుపుచెక్కలు ఒక్కొక్కటే బిగించి కొట్టు "పెంచేవాడు". ఈ మూడు భాషలవాళ్ళూ ఏ సంఘంలో కూర్చుని తీర్మానించుకున్నారో తెలియదు గాని, విరిగినదాన్ని విరిగిందని అనకూడదన్న మర్యాద ముగ్గురికీ ఒక్కటే మాటలో కుదిరింది.

ఈ మర్యాద వల్లే బళ్ళో నా పరువు పెరిగింది. అంటే పోయింది. మా వంశం రాయలవారి రాజధాని నుంచి వచ్చిందని తాత చెప్పేవాడు. రాజ్యాలు ముందు నడిస్తే గాజులవాళ్ళు వెనక మలారం భుజాన వేసుకుని నడుస్తారట. మలారం అంటే గాజుల సరాలు గుచ్చిన పెద్ద కట్ట. ఆ పట్నంలో తాత పుట్టలేదు, తాతకు తాత కూడా పుట్టలేదు, అయినా నిన్న సాయంత్రమే అక్కడ కొట్టు పెంచి వచ్చినట్టు చెప్పేవాడు.

"ఎంత పట్నమనుకున్నావే అది! గుళ్ళున్నెయ్, జైనుల గుళ్ళు బస్తీలున్నెయ్, తురకల వాడలో మసీదుండె. రాయలు తురక సిపాయిలు సలాం చేసేదానికి ఇబ్బంది పడతారని గద్దె ముందర వాళ్ళ ఖురాను పెట్టిచ్చినాడంట. గుర్రాలమ్మే అరబ్బులు, రత్నాలమ్మే గుజరాతీలు, ఫిరంగోళ్ళు, వాళ్ళందరి ఆడోళ్ళకూ గాజులు మనవే."

"ఎవరు ఏ దేవుడికి మొక్కేదో రాయలు అడగడా తాతా?"

"అడిగింటే దండు ఉండదు. గాజులోడు అడిగింటే కొట్టు ఉండదు."

"మరి అంత మంచి ఊరు ఇడిచిపెట్టి ఎందుకొచ్చినాం?"

తాత నశ్యం పీల్చి, కళ్ళు తుడుచుకుని, ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "పట్నం పెరిగింది. వచ్చేసినాం."

నేను ఆ మాటను మాటగానే తీసుకున్నాను. పరీక్షలో, ఆ సామ్రాజ్యపు రాజధానికి చివర ఏమైందన్న ప్రశ్నకు, "రాజధాని బాగా పెరిగినందువల్ల జనం ప్రాణభయంతో పారిపోయారు" అని రాశాను. మా పంతులమ్మ ఆ జవాబును నా చేతనే తరగతికి చదివించి, "నాశనమైంది" అని రాయాలని దిద్దింది. జులేఖా ఒక్కతే నవ్వలేదు. దానికి అందులో తప్పేమీ కనపడలేదు మరి. ఇంటికి వచ్చి ఏడిస్తే తాత, మాబమ్మ ఇద్దరూ పంతులమ్మ మీదనే విరుచుకుపడ్డారు. "ఊరికి ఆ పాడుమాట అంటారామ్మా? అంతమంది ఆడోళ్ళ గాజులుండిన ఊరది!" అని మాబమ్మ, తానేదో ఆ ఊరి ఆడపడుచైనట్టు, ముక్కు చీదింది.

ఆ పట్నం పోయాక మా వాళ్ళు చేరిన ఈ పేట పాలెగాళ్ళను చూసింది, సుల్తానులను చూసింది, మైసూరు మహారాజులను, తెల్లదొరలను చూసింది. కోటలో ఎవరుంటే వాళ్ళకు దణ్ణమో, సలామో, గుడ్ మార్నింగో పెట్టి వచ్చి, పేటలో మాత్రం గాజులే అమ్ముకున్నాం. కోట చేతులు మారింది, మేము చేతులకు గాజులు మార్చాం. పీర్ల పండుగ వస్తే బీబీలు గాజులు తొడుక్కోరు, దుఃఖపు దినాలు గనుక. ఆ దినాల్లో తాత జగలి మీది గాజుల మీద తెల్లగుడ్డ కప్పేవాడు. పీర్లు మా వీధిలోకి రాగానే కొట్టు పెంచి, చెప్పులు విడిచి నిలబడేవాడు. ఆ గుడ్డ కప్పమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అమ్మవారి జాతరకు మాబమ్మ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందు వచ్చేది. మా ఇంటి పెద్ద ముత్తయిదువకు మాబమ్మ మొదటి గాజు తొడగాలి. ఆ తొడిగిన చేతులతో అవ్వ అమ్మవారి గాజుల దండ ఎత్తుకోవాలి. అప్పుడే మేళం కదలాలి. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు. అవ్వ తరువాత మా అమ్మ, అమ్మ తరువాత నేను. మాబమ్మ తరువాత జులేఖా, జులేఖా తరువాత నస్రీన్. రెండు వైపులా ఆడవాళ్ళమే అందుకుంటూ వచ్చాం. రాజులు కూడా ఇంత క్రమంగా గద్దె ఎక్కలేదు.

కాబట్టి నస్రీన్ వచ్చి వెళ్ళిన మర్నాడే నేను బళేపేటకు పోయాను. కొట్టు ముందు గిరి, వాడి పక్కన ఒక హార్డ్‌వేర్ కొట్టు యజమాని, అతనే సంఘానికి అధ్యక్షుడు. నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టాడు.

"మీ ఇంటికే రావాలనుకుంటాండాము మేడం. జాతర స్టేజీ మీద మన పేట పాత వైభవం గురించి మీరు రెండు మాటలు మాట్లాడాల."

"రెండేంది అప్పా, ఒకటి చాలు. మాబమ్మ."

అతని ముఖం బిగుసుకుంది. "అది ఎవరి మీదా కోపం కాదు మేడం. అందరి నిర్ణయం. అప్పటి కాలం వేరే."

"మీ అవ్వకు గాజులు ఎవురు తొడిగేది?"

"అప్పుడు ఇవన్నీ తెలిసేవి కాదు."

"ఏం తెలిసేది కాదు? మాబమ్మ సాయిబులామె అని మీ అవ్వకు తెలీదా? ఆమెకు కండ్లు బాగనే కనపడేవే. ఒక్క గాజు తక్కువైతే వీధి ఆ కొస నించి తిట్టేది."

కొట్టులోపల సరుకు సర్దేవాళ్ళు కిసుక్కుమన్నారు. అతనికి అక్కడ రోషం వచ్చింది. "అవతల వాళ్ళు ఏమేమో చేస్తాంటే మేము గాజులు తొడుక్కొని కూర్చోవాలా మేడం?"

"గాజుల కొట్టు జగలి మీద నిలబడి ఆ మాట అంటాండావే అప్పా! తొడుక్కుంటే మంచిదే. చెయ్యి లేచేముందు కొంచెం చప్పుడన్నా అయితుంది, ఎదుటోళ్ళు తప్పుకుంటారు."

అతను వెళ్ళిపోయాడు. గిరి నన్ను లోపలికి తీసుకుపోయి, ఒకప్పుడు గడ్డి వాసన వేసిన, ఇప్పుడు ప్లాస్టిక్ వాసన వేస్తున్న నడవలో నిలబెట్టి చేతులు పట్టుకున్నాడు.

"అత్తా, నీకు మాట్లాడేదానికి బాగుంటాది. రేపు నలుగురు పిల్లోళ్ళు వచ్చి కొట్టు ముందర గలాటా చేస్తే, వీడియో తీసి గ్రూపుల్లో పెడితే, నువ్వు బొమ్మనహళ్ళి నించి వస్తావా? సిల్క్‌బోర్డు జంక్షన్ దాటేలోపల నా కొట్టు ఉండదు."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడి భయం నిజం. ఆ భయాన్ని వాడి గుండెలో పెట్టినవాళ్ళ మీద నాకున్న కోపం కూడా అంతే నిజం. తాత ఎవరూ అడగకుండా గుడ్డ కప్పాడు. ఈ పిల్లవాడు ఎవరో అడిగారని మనిషిని కప్పెట్టాడు. ఇద్దరిదీ ఒకే జగలి.

జాతర పొద్దున నేను పట్టుచీర కట్టుకుని, బోసిచేతులతో పోయి జగలి మీద కూర్చున్నాను. ఎడమపక్క గోడ దగ్గర మాబమ్మ చోటు వదిలిపెట్టి కూర్చున్నాను. వీధిలో పూలు, టెంకాయలు, మైకులు. పక్కనే పళ్ళెంలో అమ్మవారి గాజుల దండ. నా చేతులు చూసి తెలిసిన ముసలమ్మలు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మేళగాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఒక పాట వాయించారు, ఇంకొకటి వాయించారు, ఇక తెలిసిన పాటలు నిండుకుని నా వైపు చూశారు. గుడి నుంచి మనిషి వచ్చాడు, ఎందుకు ఆలస్యమని. అప్పుడు గిరి ఎర్రగాజులు తీసుకుని వచ్చి, ఆ వదిలిన చోట్లో కూర్చున్నాడు.

"అత్తా, చెయ్యి ఇయ్యి. అందరూ చూస్తాండారు."

"చూడనీ."

"నీ కాళ్ళు పట్టుకుంటా. నేను తొడుగుతా. తాత మునిమనవణ్ణే కదా."

వాడి చేతుల వైపు చూశాను. మా తమ్ముడి చేతులే అవి, అచ్చం. నేను చెయ్యి ఇచ్చాను. పిడికిలి మాత్రం ఇప్పలేదు. మాబమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. గాజు ఇప్పిన చేతికే వస్తుంది. వాడు బొటనవేలి మొదలు నొక్కాడు, బతిమాలాడు, తోశాడు. వాడికి చెప్పడానికి నవ్వులమాట ఒక్కటీ లేదు, నాకు వదులయ్యే ఒళ్ళు లేదు. గాజు మెటికల దాకా వచ్చి, అక్కడ టప్పుమంది. రెండు ముక్కలు జగలి మీద పడ్డాయి. నా వేలి మీద చిన్న గీత, ఎర్రగాజు కంటే ఎర్రగా.

గిరి అలవాటుకొద్దీ, పుట్టినప్పటి నుంచి విన్నదానికొద్దీ, వెంటనే అన్నాడు. "పెరిగింది అత్తా."

చుట్టూ ఉన్న ముసలమ్మలంతా జపంలాగా అందుకున్నారు. "పెరిగింది, పెరిగింది."

"లేదురా గిరీ" అన్నాను. "పగిలింది."

ఆ కొట్టులో ఆ మాటను ఎవరూ అనగా నేను వినలేదు. తాత పోయిన రోజు అవ్వ చేతుల దగ్గర కూడా అనలేదు. నేను లేచి, చెప్పులు వేసుకుని, జగలి దిగి నడిచాను. నా వెనక కాసేపటికి మేళం మళ్ళీ మొదలైంది. దండను అధ్యక్షుడి భార్య ఎత్తుకుందని తరువాత విన్నాను. అమ్మవారు తీసుకుందో లేదో అమ్మవారినే అడగాలి. బస్టాండు వైపు మలుపు తిరుగుతుండగా మైకులో అధ్యక్షుడి గొంతు వినిపించింది. "సోదర సోదరీమణులారా, మన పేట ఎంతగా పెరిగిందో చూడండి" అంటున్నాడు. బడిలో నన్ను చూసి నవ్విన పిల్లలందరూ గుర్తుకొచ్చారు. ఇన్నేళ్ళకు నా జవాబుకు ఎవరో మార్కులు వేశారు.

ఆ తరువాతి ఆదివారం నస్రీన్ వచ్చింది. బల్ల మీద పెట్టె అట్లనే ఉంది. జరిగింది గిరి ముందే చెప్పినట్టున్నాడు, గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఆ మాట అన్నావంటనే ఖాలా? జగలి మీద? జాతర పొద్దున?"

"అన్నాను."

"తోబా! మా నానీ మాబమ్మ ఉండింటే నీ మూతి మీద కొట్టేది."

"కొట్టనీ" అన్నాను. "ముందు ఆమెను జగలి మీద కూర్చోనియ్యమను. కూర్చుని కొట్టనీ."